నైట్ వాచ్‌మన్‌గా వెళ్లమంటే వెళ్లు

అల్లుడూ,

పొద్దున్నే మీ అమ్మ ఫోన్. "అన్నయ్యా, వీడు శనివారం నుంచి నైట్ వాచ్‌మన్ అంటున్నాడు, చదువేం కావాలి?" అని ఒకటే టెన్షన్. కర్ర, విజిల్ పట్టుకునే వాచ్‌మన్ కాదమ్మా, క్రికెట్ మాట అని నచ్చజెప్పేసరికి నా టీ చల్లారిపోయింది.

నువ్వేమో కెప్టెన్ అవమానించాడని మూతి ముడుచుకున్నావట. సాయంత్రం ఆట ఇంకో నాలుగైదు ఓవర్లలో ముగుస్తుందనగా వికెట్ పడితే, మంచి బ్యాటర్‌ని ఆ మసక వెలుతురులో పంపడమెందుకని నీలాంటి బౌలర్‌ని పంపుతారు, రాత్రికి కాపలా అన్నమాట. నువ్వు పోయినా పెద్ద నష్టం లేదనే లెక్క అందులో ఉంది, నిజమే, కానీ బంతిని ఆపడం రానివాణ్ణి మాత్రం ఎవరూ పంపరు.

పరుగుల ఊసెత్తకు. జింఖానా గ్రౌండ్‌లో ఒక డిసెంబర్ సాయంత్రం నేనూ ఇలాగే దిగి, ఓవర్ రెండో బంతి బ్యాట్ అంచుకి తగిలి పక్కకి పోతే సంబరంగా సింగిల్ తీశా. స్ట్రైక్, అంటే బంతిని ఎదుర్కొనే వంతు, అరవై పరుగులు దాటిన మా ఓపెనర్‌కి వెళ్లింది, తర్వాతి బంతికే అతను బౌల్డ్. ఆ రాత్రి ఇరానీ హోటల్లో నా పక్కన ఎవడూ కూర్చోలేదు. అందుకే చెప్తున్నా, ఎక్కువ బంతులు నువ్వే ఆడు, సింగిల్ తీస్తే ఓవర్ ఆఖరి బంతికే తియ్యి, అప్పుడు తర్వాతి ఓవర్ కూడా నీకే వస్తుంది, ఆఫ్ స్టంప్ బయట పడ్డదాన్ని వదిలెయ్. ప్యాడ్లు ముందే కట్టుకో, వికెట్ పడ్డాక 3 నిమిషాల్లో ఆటకి సిద్ధంగా లేకపోతే టైమ్డ్ ఔట్ ఇస్తారు.

ఔటైతే? మన బౌలర్ సిరాజ్‌ని 2024 నవంబర్ 1న వాంఖడేలో న్యూజిలాండ్ మీద ఇలాగే పంపారు, మొదటి బంతికే ఎల్బీడబ్ల్యూ, పోతూ పోతూ ఒక రివ్యూ కూడా పోగొట్టాడు. ఎవరిని దాచాలనుకున్నారో ఆ కోహ్లీ దిగి, లేని పరుగుకి పోయి అదే సాయంత్రం రనౌట్! అదే వాంఖడేలో 1979లో మన వికెట్ కీపర్ కిర్మాణీ ఆస్ట్రేలియా మీద నైట్ వాచ్‌మన్‌గా వచ్చి 101 నాటౌట్. 2006లో ఆస్ట్రేలియా బౌలర్ గిలెస్పీ అయితే బంగ్లాదేశ్ మీద చిట్టగాంగ్‌లో 201 నాటౌట్, అదీ తన పుట్టినరోజున, మళ్లీ టెస్టే ఆడలేదు పాపం.

కాబట్టి తెల్లారాక కూడా క్రీజులో ఉంటే నీ ఇష్టమొచ్చినట్టు ఆడుకో. గురువారం సాయంత్రం ఐదింటికి నెట్స్‌కి వస్తా, వెలుతురు తగ్గాకే బంతులేస్తా. హెల్మెట్ మర్చిపోకు.

మీ మామయ్య