చేనేత పూర్తిగా పోతే నిజంగా పోయేది ఏంటి?

మరమగ్గం మీద అంత అందమైన బట్టే వస్తున్నప్పుడు చేనేత పోతే నష్టమేంటని చాలామంది అడుగుతారు. బట్ట మాత్రమే అయితే మ్యూజియంలో దాచుకోవచ్చు, పోయేది పనితనం. ఢాకా మస్లిన్ అనే అతి పల్చని నూలు బట్ట సంగతే చూడండి: మేఘనా నది ఒడ్డున పండే ఫుటీ కార్పాస్ పత్తి, గాలిలో తేమ ఉన్న వేళ చూసుకుని పోగు తెగకుండా సన్నగా వడికే చేతులు, ఆ నూలుకి గంజి పట్టించి నేసేవాళ్లు, అన్నీ ఈస్టిండియా కంపెనీ ఒత్తిడికి, మిల్లు బట్ట పోటీకి 19వ శతాబ్దంలో కనుమరుగయ్యాయి. ఈమధ్య బంగ్లాదేశ్‌లో మళ్లీ నేశారు. కానీ పాత మొక్కని గుర్తుపట్టడానికి డీఎన్ఏ పరీక్షల దాకా వెళ్లాల్సి వచ్చింది! అదైనా మస్లిన్ మీద పువ్వులు, బుటాలు చేత్తో నేసే జాందానీ నేతగాళ్లు ఇంకా మిగిలి ఉండబట్టే కుదిరింది. వీడియోలు తీసి పెట్టడం మంచిదే గానీ, పోగు ఎంత బిగువుగా లాగాలో వీడియోలో తెలీదు. నేసేవాళ్లకి గిట్టుబాటు కూలి దక్కాలి, పక్కన నేర్చుకునేవాళ్లు ఉండాలి.