కర్ల్‌లో ఫెయిల్, ఫెయిల్-ఎర్లీ రెండూ ఒకటేనా?

కర్ల్ (curl) అంటే కమాండ్ ఇచ్చి నెట్ నుంచి ఫైళ్లు దించుకునే టూల్. అందులో ఫెయిల్-ఎర్లీ (--fail-early) ఆప్షన్ పెట్టినా సర్వర్ 404 (అడిగింది లేదు) అనే కోడ్ ఇచ్చినప్పుడు కర్ల్ సక్సెస్ అనే చెబుతోంది, మాన్యువల్ చదివితే ఇంకా గందరగోళంగా ఉంది అన్నారు కదా. ఆ పేర్లు చూసి నేనూ బోల్తా పడ్డవాణ్నే.

మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లుకు లెక్కల సాఫ్ట్‌వేర్ చూస్తాను. రాత్రి రెండింటికి ఒక స్క్రిప్ట్ నాలుగు ఫైళ్లు దించి లెక్కల్లోకి ఎక్కిస్తుంది. ఒకరోజు పొద్దున్నే గుమాస్తా ఫోన్: "సార్, లారీ నంబర్ల కాడ ఏందో ఇంగ్లీషు వస్తుంది." తీసి చూస్తే ఫైల్ ఒక కేబీ కూడా లేదు. లోపల 'నాట్ ఫౌండ్' పేజీ. లాగ్‌లో మాత్రం సున్నా, అంటే అంతా బాగే.

కర్ల్ లెక్కలో సర్వర్ ఏదో ఒక జవాబిచ్చి అది చేతికందితే పని అయినట్టే. ఆ జవాబు 404 అయినా సరే. సర్వర్ నుంచి 400, ఆపై కోడ్ వస్తే తప్పుగా లెక్కగట్టమని చెప్పేది ఫెయిల్ (--fail) ఆప్షన్. అప్పుడు కర్ల్ సున్నా బదులు 22 అనే ఎర్రర్ కోడ్‌తో బయటికొస్తుంది, ఆ పేజీని ఫైల్‌లో రాయదు. సర్వర్ ఏమని తిట్టిందో కూడా చదవాలంటే ఫెయిల్-విత్-బాడీ (--fail-with-body). ఇది కర్ల్ 7.76.0 వెర్షన్ నుంచే ఉంది. మిల్లులోని పాత మెషిన్‌లో పెడితే ఇలాంటి ఆప్షనే లేదు పొమ్మంది.

ఫెయిల్-ఎర్లీ సంగతి వేరు. ఒకే కమాండ్‌లో నాలుగు యూఆర్ఎల్‌లు ఇస్తే కర్ల్ నాలుగింటినీ ప్రయత్నించి, చివరిదాని ఫలితమే చెబుతుంది. మొదటి మూడూ పోయినా నాలుగోది వస్తే సున్నానే! ఎర్లీ పెడితే మొదటి తప్పు దగ్గరే ఆగుతుంది. కానీ 404 తప్పు అని ముందు ఎవరో చెప్పాలి కదా, ఆ పని ఎర్లీ చేయదు. మీరు ఫెయిల్ కూడా జత చేయాలి. మాన్యువల్‌లో ఎర్లీ కింద ఈ ముక్క ఉంది, కాకపోతే పేరు చూసి అర్థమైందనుకున్నవాళ్లం అంతదాకా చదవం.

మళ్లీ ప్రయత్నించమని చెప్పే రీట్రై (--retry) కూడా అన్నిటికీ పనిచేయదు. టైమౌట్‌లకు, 408, 429, 500, 502, 503, 504 లాంటి కోడ్‌లకే మళ్లీ ప్రయత్నిస్తుంది. 404కి ప్రయత్నించదు, అదే మంచిది. టైముకు స్క్రిప్ట్‌లను తనంతట నడిపే క్రాన్‌లో పెట్టేటప్పుడు, కర్ల్‌ను మౌనంగా ఉంచే చిన్న ఎస్ (-s) ఒక్కటే పెట్టకండి, ఎర్రర్ మెసేజ్ కూడా మింగేస్తుంది. పక్కన పెద్ద ఎస్ (-S) కూడా ఉండాలి.

నేనిప్పుడు ఫైల్‌ను తాత్కాలిక పేరుతో దించి, సున్నా వస్తేనే అసలు పేరు పెడుతున్నాను. రాకపోతే నిన్నటి ఫైలే ఉంటుంది, గుమాస్తాకు మెసేజ్ పోతుంది.