నడిస్తే పిక్క పట్టేస్తోందా? ప్యూరిఫయర్ కంటే ముందు కాలి నాడి చూపించుకోండి

ప్రశ్న: నా వయసు 54. హైదరాబాద్‌లో మెయిన్‌రోడ్డు పక్కన 16 ఏళ్లుగా జిరాక్స్ సెంటర్ నడుపుతున్నాను. షుగర్ వచ్చి 9 ఏళ్లయింది, మాత్రలు వాడుతున్నాను. సిగరెట్లు రోజుకు నాలుగే. గాలి కాలుష్యం వల్ల ఒంట్లో రక్తప్రసరణ తగ్గుతుందని పరిశోధనల్లో తేలినట్టు చదివాను. ఈమధ్య బస్టాపు దాకా నడిస్తే పిక్కలు పట్టేస్తున్నాయి, కాసేపు నిలబడితే సర్దుకుంటున్నాయి. తెలిసినవాళ్లు చెప్పారని రెండు నెలలుగా ఆస్పిరిన్ 75 వేసుకుంటున్నాను. నొప్పికి మెడికల్ షాపులో ఇచ్చిన మాత్ర వాడుతున్నాను. ఇంట్లోకి ఎలాంటి ఎయిర్ ప్యూరిఫయర్ కొనమంటారు?

జవాబు: మీరు ప్యూరిఫయర్ గురించి అడిగారు. నన్ను కంగారుపెట్టింది మాత్రం మధ్యలో మీరు చెప్పీ చెప్పనట్టు రాసిన పిక్కల సంగతి. షుగర్ ఉండి, సిగరెట్ తాగే 54 ఏళ్ల మనిషికి నడిస్తే పిక్క పట్టేసి, ఆగితే వదిలేస్తోందంటే కాలి ధమనులు సన్నబడ్డాయేమోనని ముందు అనుమానించాలి. చూడకుండా ఇదే జబ్బు అని నేను తేల్చలేను. కానీ ఈ వారంలోనే ఫిజీషియన్‌కో, రక్తనాళాల వైద్యుడైన వాస్క్యులర్ సర్జన్‌కో చూపించుకోవాల్సిన లక్షణం ఇది.

పిక్కల నొప్పులన్నీ ఒకటి కావు. షుగర్ వల్ల నరాలు దెబ్బతింటే మంటలు, తిమ్మిర్లు ఎక్కువగా పాదాల్లో, అదీ రాత్రి పడుకున్నాక వస్తాయి. వెన్నులో నరాల దారి ఇరుకైతే ఊరికే నిలబడితే తగ్గదు, కూర్చోవాలి లేదా ముందుకు వంగాలి. ధమని సమస్య అయితే దాదాపు ఒకే దూరం నడిచేసరికి పట్టేస్తుంది, నిలబడిన రెండు మూడు నిమిషాల్లో వదిలేస్తుంది. మెట్లెక్కితే ఇంకా ముందే వస్తుంది. మీ వర్ణన ఈ మూడోదానికి దగ్గరగా ఉంది.

ఇక మీరు చదివిన వార్త. అందులో నిజం ఉంది. 2002లో టొరంటోలో 25 మంది ఆరోగ్యవంతులకు సూక్ష్మ ధూళి, ఓజోన్ వాయువు కలిపిన గాలిని రెండు గంటలు పీల్పిస్తే చేతి ధమని కాస్త ముడుచుకుంది. 2007లో వచ్చిన మరో అధ్యయనంలో, అంతకుముందు గుండెపోటు వచ్చి కుదుటపడ్డ 20 మంది మగవాళ్లు పలచన చేసిన డీజిల్ పొగ పీలుస్తూ గంటపాటు మధ్యమధ్య వ్యాయామం చేశారు. గుండె కండరానికి రక్తం చాలడం లేదని చెప్పే ఈసీజీ మార్పు, శుభ్రమైన గాలి పీల్చిన రోజు కంటే ఎక్కువగా కనిపించింది. రక్తపు గడ్డను కరిగించే పదార్థం కూడా రక్తంలోకి తక్కువగా విడుదలైంది. హైదరాబాద్ శివారు గ్రామాల్లో చేసిన అధ్యయనంలోనూ, సూక్ష్మ ధూళి ఎక్కువగా ఉన్నచోట మెడ ధమని గోడ మందం ఎక్కువగా ఉన్నట్టు తేలింది.

ఇది జరిగే తీరు ఇలా. పీఎం 2.5 అంటే 2.5 మైక్రోమీటర్లు, అంతకంటే చిన్నవైన కణాలు. ఇవి ఊపిరితిత్తుల చివరి గాలి తిత్తుల దాకా వెళ్లి అక్కడ వాపు పుట్టిస్తాయి. దాని ప్రభావం రక్తనాళాల లోపలి పొర మీద పడుతుంది. నాళాన్ని వదులు చేసే నైట్రిక్ ఆక్సైడ్‌ను తయారుచేసేది ఆ పొరే. అది తగ్గితే, అవసరమైనప్పుడు నాళం విప్పారదు. ఆరోగ్యంగా ఉన్న నాళం దీన్ని తట్టుకోవచ్చు, అప్పటికే పూడిక ఉన్న నాళానికి కష్టం. షుగరూ సిగరెట్టూ దెబ్బకొట్టేది కూడా ఈ పొరనే. కాబట్టి మీ పిక్కల నొప్పిని రోడ్డు పొగ ఒక్కదాని మీదికి నెట్టేయకండి. రోజుకు నాలుగే అన్నారు. రక్తనాళాల విషయంలో నాలుగంటే తక్కువేమీ కాదు. మొదటి కొద్ది సిగరెట్లకే ముప్పు బాగా పెరుగుతుంది, ఆ తర్వాత వాటికి పెరిగే వేగం తక్కువ. నాలుగును రెండుకు దించితే పని జరగదు, పూర్తిగా మానేయాలి. 1800-11-2356 జాతీయ క్విట్‌లైన్ నంబరు, ఫోన్ చేయండి.

నాకు బాధ కలిగించింది మీ మాత్రల సంగతి. మాత్ర పేరు రాయలేదు. పిక్కల నొప్పి అంటే మెడికల్ షాపులో ఇచ్చేది సాధారణంగా డైక్లోఫెనాక్ గానీ ఏసెక్లోఫెనాక్, పారాసెటమాల్ కలిసినది గానీ అయివుంటుంది. గాలి వల్ల రక్తప్రసరణ తగ్గుతుందని మీరు భయపడుతున్నారు. ఈ రకం నొప్పి మాత్రలు కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి, బీపీని పెంచుతాయి, గుండెపోటు ముప్పునూ పెంచుతాయి. తొమ్మిదేళ్ల షుగర్ ఉన్న కిడ్నీ మీద ఆ భారం వేయకూడదు. పైగా ఆ మాత్ర ధమనిలోని పూడికను ఏమీ చేయలేదు. నొప్పి కాస్త మరుగునపడితే మీరు డాక్టర్ దగ్గరికి వెళ్లడం నెల, రెండు నెలలు వాయిదా పడుతుంది. ఈ జబ్బులో పాదం మీద పుండు పడేదాకా ఆగి వచ్చేవాళ్లకు చేయగలిగేది బాగా తగ్గిపోతుంది.

ఆస్పిరిన్ సంగతి వేరు. అది రక్తం గడ్డకట్టకుండా చూసే మందు. కాలి ధమనుల జబ్బు అని తేలితే డాక్టరే దాన్ని రాయవచ్చు, లేదా అదే పని చేసే క్లోపిడోగ్రెల్ రాయవచ్చు. తెలిసినవాళ్లు చెప్పారని మొదలుపెట్టడమే తప్పు. దానికి నొప్పి మాత్ర తోడైతే కడుపులో పుండు పడి రక్తం కారే ప్రమాదం రెట్టింపు దాటుతుంది. మలం తారులా నల్లగా, జిగటగా వస్తే అదే సూచన, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. నొప్పి మాత్ర ఇవాళే ఆపండి. ఆస్పిరిన్ కొనసాగించాలా వద్దా అన్నది మిమ్మల్ని చూసిన డాక్టర్ చెప్పాలి. స్టెంట్ వేయించుకున్నవాళ్లు, గుండెపోటు వచ్చినవాళ్లు ఇది చదివి తమ ఆస్పిరిన్‌ను సొంతంగా ఆపకండి, అది ఇంకా ప్రమాదం.

డాక్టర్ పాదం పైభాగంలో, లోపలివైపు చీలమండ ఎముక వెనకాల నాడి చూస్తారు. చీలమండ దగ్గర బీపీని చేతి బీపీతో పోల్చే ఏబీఐ పరీక్ష చేయించమనండి, నొప్పి ఉండదు. చీలమండ బీపీని చేతి బీపీతో భాగిస్తే 0.9 లేదా అంతకంటే తక్కువ వస్తే ధమనుల్లో అడ్డంకి ఉన్నట్టు. షుగర్ ఉన్నవారిలో నాళాల గోడలు సున్నం పేరుకుని గట్టిపడతాయి, అందుకని అంకె 1.4 దాటి రావచ్చు, లేదా జబ్బున్నా మామూలుగా కనిపించవచ్చు. అప్పుడు బొటనవేలి దగ్గర బీపీ, కాళ్ల డాప్లర్ (రక్త ప్రవాహాన్ని చూపే స్కాన్) చూడాలి. వీటితోపాటు కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్, మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ, కొలెస్ట్రాల్, ఈసీజీ. కాలి నాళాల్లో పూడిక ఉంటే గుండె, మెదడు నాళాల్లోనూ ఉండే అవకాశం ఎక్కువ, అందుకే కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందు మొదలుపెడతారు.

ఈలోగా పిక్కలకు వేడినీళ్ల కాపడం, హీటింగ్ ప్యాడ్ పెట్టకండి. స్పర్శ తగ్గిన చర్మం కాలిపోతున్నా తెలియదు, రక్తం అందని చర్మం తిరిగి మానదు.

జబ్బు నిర్ధారణ అయ్యాక, పాదం మీద పుండు, పడుకున్నా తగ్గని నొప్పి లేకపోతే, నడకే మందు. పిక్క ఓ మాదిరిగా నొప్పెట్టేదాకా నడవాలి, ఆగాలి, పూర్తిగా వదిలాక మళ్లీ నడవాలి. ఆగే సమయంతో కలిపి మెల్లగా 45 నిమిషాల దాకా తీసుకెళ్లాలి. వారానికి కనీసం మూడు రోజులు, 12 వారాలు చేస్తే నొప్పి లేకుండా నడిచే దూరం సాధారణంగా పెరుగుతుంది. గాలి గురించి మీ భయానికి జవాబు ఇక్కడే ఉంది. లండన్‌లో 60 ఏళ్లు దాటినవారిని రెండు గంటలు హైడ్ పార్కులో ఒకసారి, వాహనాలు కిక్కిరిసిన ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లో ఒకసారి నడిపించారు. పార్కు నడకతో ధమనులు మెత్తబడ్డాయి, రోడ్డు మీది నడకతో ఆ లాభం చాలావరకు పోయింది. రోడ్డుకు దూరంగా ఉన్న పార్కులోనో, కాలనీ లోపలి వీధుల్లోనో నడవండి. చలికాలంలో తెల్లవారుజామున పొగ నేలబారుగా నిలిచి ఉంటుంది, ఎండ కాస్త ఎక్కాక వెళ్లండి.

ప్యూరిఫయర్ కొనడం తప్పు కాదు, పడకగదికే పనికొస్తుంది. పది అడుగులకు పన్నెండు అడుగుల గదికి గంటకు 160 ఘనపు మీటర్లకు తగ్గని సీఏడీఆర్ (శుభ్రమైన గాలిని అందించే వేగం), సూక్ష్మ ధూళిని పట్టే హెపా ఫిల్టర్ ఉండాలి, తలుపులు మూసి ఉండాలి, ఓజోన్ వదిలే రకాలు వద్దు. అదే గదిలో దోమల కాయిల్ వెలిగిస్తే ఆ డబ్బు దండగ. షట్టరు ఎత్తి ఉన్న దుకాణంలో అది పనిచేయదు. అక్కడ ఎన్95 మాస్కు ముక్కు దగ్గర సందు లేకుండా పెట్టుకోండి, ధూళి ఆగుతుంది, వాయువులు ఆగవు. జిరాక్స్ మెషిన్ కూడా ఓజోన్, సన్నటి కణాలు వదులుతుంది. మీ కుర్చీని దానికి దూరంగా జరిపి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించండి. పొడి చీపురు మాని తడిగుడ్డ వాడండి.

కాలు ఉన్నట్టుండి చల్లబడి, పాలిపోయి, విపరీతంగా నొప్పెడితే, లేదా మొద్దుబారి కదలకపోతే రేపటిదాకా చూడకండి. గంటల్లోనే, ఆరు గంటలు దాటకముందే రక్తం మళ్లీ అందేలా చేయాలి, వాస్క్యులర్ సర్జన్ ఉన్న ఆసుపత్రికే వెళ్లండి. మామూలుగా చూపించుకోవడానికి వెళ్లినప్పుడు షుగర్ మాత్రలు, నొప్పి మాత్రల అట్టలు అన్నీ ఒక కవర్లో వేసుకుని తీసుకెళ్లండి. నొప్పి రాకుండా ఎంత దూరం నడవగలుగుతున్నారో రెండు రోజులు అడుగులు లెక్కపెట్టి రాసుకెళ్లండి, డాక్టర్ మొదట అడిగేది అదే.