నలభై రోజుల క్యాంపు పని కెరీర్ అవుతుందా?

ప్రశ్న: మాది విశాఖ దగ్గర పెందుర్తి. బీఎస్సీ జువాలజీ రెండో సంవత్సరం చదువుతున్నాను. స్కూలు రోజుల నుంచీ ఖోఖో ఆడుతున్నాను. ఈ వేసవిలో ఋషికొండ దగ్గర పిల్లల డే క్యాంపు పెడుతున్నవాళ్లు నన్ను అసిస్టెంటుగా రమ్మన్నారు. పొద్దున్నే ఆటలు ఆడించాలి, తర్వాత చెట్లు, పక్షులు, బీచ్‌లో జీవులు చూపించాలి. నాన్న మాత్రం, "ఊళ్లో పిల్లల్ని ఆడించడానికా నిన్ను చదివిస్తున్నది? బ్యాంకు కోచింగులో చేరు" అంటున్నారు. నాకు ఇలాంటి పనే చెయ్యాలని ఉంది. ఇది కెరీర్ అవుతుందా?

జవాబు: ముందు నాన్నగారి సంగతి చూద్దాం. బ్యాంకు క్లర్కు పరీక్ష రాయాలన్నా, పీఓ పరీక్ష రాయాలన్నా డిగ్రీ పూర్తవ్వాలి. మీకు ఇంకా టైముంది. ఈ వేసవి క్యాంపుకు వెళ్తే చేజారిపోయే పరీక్ష ఏదీ లేదని ఆయనకు చెప్పండి, ఇంట్లో సగం టెన్షన్ తగ్గుతుంది. మిగతా సగం భయంలో మాత్రం న్యాయముంది. నలభై రోజుల క్యాంపు మిగతా పదినెలలూ తిండి పెట్టదు. అందుకే వెళ్లమనే చెబుతాను గానీ, ఉద్యోగం దొరికిందనుకుని వెళ్లొద్దు. ఈ పని మీ ఒంటికి పడుతుందో లేదో తేల్చుకోవడానికి వెళ్లండి.

పిల్లలంటే ఇష్టం ఉండటం వేరు, ఎనిమిదేళ్లవాళ్లు పాతికమంది చుట్టూ మూగి ఒకడు నీళ్లని, ఒకడు బాత్రూమని, ఇంకొకడు "అక్కా, వీడు గిల్లాడు" అని లాగుతుంటే మొహంలో నవ్వు పోకుండా నిలబడటం వేరు. మొదటి మూడు రోజులూ అందరూ నిలబడతారు. మీ సంగతి తేలేది పదో రోజు తర్వాతే.

రెండేళ్ల కిందట కంబాలకొండ అడవిలో ఒక క్యాంపు బ్యాచి వెంట నడిచాను. ఒకాయన చెట్టు చెట్టుకూ ఆగి పేరు, శాస్త్రీయ నామం, ఉపయోగాలు చెప్పుకుంటూ పోతున్నాడు. పిల్లలు ఒకళ్ల కాళ్లు ఒకళ్లు తొక్కుకుంటున్నారు. వెనకాల వస్తున్న కుర్ర కోచ్ ఒక చోట మోకాళ్ల మీద కూర్చున్నాడు. పొడి మట్టిలో రూపాయి బిళ్లంత గుంటలు, అచ్చం గరాటు ఆకారంలో ఉన్నాయి. ఒక చీమను పట్టి అంచు మీద వదిలాడు. చీమ జారింది, పైకి పాకబోయింది. అడుగు నుంచి ఎవరో విసిరినట్టు ఇసుక లేచింది. మళ్లీ జారింది. అంతే, చీమ మాయం. పిల్లలందరూ బోర్లా పడుకుని మిగతా గుంటల్లోకి చూడటం మొదలుపెట్టారు. పావుగంట సేపు ఎవరూ నీళ్లడగలేదు. ఒక పాప మాత్రం, "లోపల ఉన్నదేంటి సార్?" అంది. ఆ అబ్బాయికి తెలియదు. నావైపు చూశాడు. నాకూ తెలియదు.

మీకు తెలిసి ఉండాలి. అది యాంట్ లయన్ లార్వా, పెద్దయ్యాక తూనీగలా రెక్కలొచ్చి ఎగిరిపోతుంది. మీ జువాలజీ పనికొచ్చేది సరిగ్గా అక్కడ, పిల్ల నోరు తెరిచి అడిగిన ఆ క్షణంలో. నాన్నగారి ప్రశ్నకు నా జవాబు కూడా అదే.

ఆటనూ ప్రకృతినీ కలపడమంటే గంట ఆట, గంట పాఠం అని టైంటేబుల్ వేయడం కాదు. మన తీరానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి, క్యాంపులు మొదలయ్యే రోజులకు తాబేలు పిల్లలు ఇంకా కొన్ని సముద్రంలోకి వెళ్తూ ఉంటాయి. ఇసుకలో రెండు గీతలు గీయండి. ఒకటి గూడు, రెండోది అల. ఇరవైమంది తాబేలు పిల్లలు, నలుగురు కాకులు, కుక్కలు, పీతలు. ఖోఖోలో తప్పించుకోవడం మీకు వచ్చిన విద్యే, అది నేర్పండి. ఆట అయ్యాక ఎంతమంది అల దాకా చేరారో లెక్కపెట్టించి, అప్పుడు చెప్పండి: నిజం తాబేళ్లలో వెయ్యి పిల్లలకు పెద్దయ్యేది ఒకటీ అరా అంటారని. జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) ఏటా పెట్టే వేసవి క్రీడా శిబిరాల్లో ఆట బాగానే నేర్పుతారు గానీ, ప్రకృతిని చూపించడం వాళ్ల పని కాదు. మీకు చోటున్నది ఇక్కడే.

ప్లానింగ్ కూడా నేర్చుకోవాలి. తెన్నేటి పార్కు కింద, జోడుగుళ్లపాలెం దగ్గర రాళ్ల గుంటల్లో పీతలు, సముద్రపు పూలు (పువ్వుల్లా కనిపించే సీ అనిమోన్లు) చూపించాలంటే సముద్రం వెనక్కి తగ్గి ఉండాలి. ఆ వేళ రోజూ ఒకలా ఉండదు, రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. అమావాస్య, పౌర్ణమిల చుట్టూ నీళ్లు బాగా లోపలికి పోతాయి. టైడ్ టేబుల్ (ఆటుపోట్ల వేళల పట్టిక) చూడకుండా బస్సు మాట్లాడుకుంటే, పిల్లలకు చూపించడానికి రాళ్లే మిగలవు. అలవైపు పిల్లల్ని వదలడం మాత్రం ఏ రోజూ కుదరదు. మన బీచ్‌ల సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు.

ఎండ సంగతీ అంతే. విజయవాడతో పోలిస్తే మన దగ్గర డిగ్రీలు తక్కువే కదా అని కొందరు పదకొండు దాకా ఆడిస్తారు. ఇక్కడ ఉక్కపోతకు చెమట ఆరదు, చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడేది. మా అబ్బాయిని పంపిన ఒక క్యాంపులో పదిన్నరకు ఫుట్‌బాల్ మ్యాచ్ పెట్టారు. వాడు వాంతి చేసుకుంటే, "టిఫిన్ ఎక్కువ తిన్నాడేమో" అన్నారు. మర్నాటి నుంచి మానిపించాను, ఫీజు వెనక్కి రాలేదు.

అందుకే ఒప్పుకునే ముందు నిర్వాహకులను నిలదీసి అడగండి. పరుగులాట ఎన్నింటికి ఆపుతారు? నీడ, నీళ్లు, మజ్జిగ ఎక్కడ? ఒక్కొక్కరికి ఎంతమంది పిల్లలు? ప్రథమ చికిత్స వచ్చినవాళ్లు ఎవరున్నారు? సిబ్బందికి పోలీసు వెరిఫికేషన్ చేయించారా? పోక్సో చట్టం గురించి ఒక్క మాటైనా చెబుతారా? మీకిచ్చేది ఎంతో, ఎప్పుడో కాగితం మీద రాసిస్తారా? ఈ చివరి ప్రశ్నకు "మనలో మనకు కాగితమెందుకమ్మా" అంటే ఆ క్యాంపు వద్దు. సర్టిఫికెట్ ఇస్తామంటే తీసుకోండి గానీ, డబ్బుకు బదులుగా వద్దు. మీ కాలేజీలో ఈ వేసవి ఇంటర్న్‌షిప్ ఉంటే, దీన్ని దాని కింద ఒప్పుకుంటారేమో మెంటర్‌ను ముందే అడగండి.

ఇక కెరీర్. క్యాంపులో రెండూ చేస్తారు గానీ, అర్హత దగ్గరికొచ్చేసరికి ఏదో ఒక వైపు కాలు గట్టిగా వేయాలి. ఆట వైపైతే డిగ్రీ తర్వాత ఏపీ పీఈసెట్ ప్రవేశ పరీక్షకు వెళ్లి రెండేళ్ల బీపీఈడీ (వ్యాయామ విద్య డిగ్రీ) చేయాలి, మైదానంలో పరీక్షే అక్కడ ముఖ్యం. డీఎస్సీలో వ్యాయామ ఉపాధ్యాయ పోస్టులకు, ప్రైవేటు స్కూళ్లకు అదే దారి. పటియాలా ఎన్ఐఎస్ (జాతీయ క్రీడా సంస్థ) ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు కోచింగ్ వైపు పనికొస్తుంది. ప్రకృతి వైపైతే ఆంధ్రా యూనివర్సిటీలోనే జువాలజీ, మెరైన్ లివింగ్ రిసోర్సెస్ పీజీలున్నాయి. అటవీ శాఖ ఉద్యోగాలు మీలాంటివాళ్ల కోసమే పెట్టినట్టుంటాయి. బీట్ ఆఫీసర్‌కు ఇంటర్ చాలు, రేంజ్ ఆఫీసర్‌కు జువాలజీ డిగ్రీ సరిపోతుంది. నడక పరీక్షలో అమ్మాయిలు నాలుగు గంటల్లో 16 కిలోమీటర్లు నడవాలి, ఖోఖో ఆడినవాళ్లకు అదో లెక్క కాదు. కానీ నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందో ఎవరి చేతిలోనూ లేదు, దాని మీదే కూర్చోవద్దు. నన్నడిగితే మీకు బీపీఈడీ మేలు. జువాలజీ చదివిన పీఈటీ స్కూళ్లకు దొరకడం అరుదు. 2020 జాతీయ విద్యావిధానం 6 నుంచి 8 తరగతులకు పుస్తకాల సంచీ లేని పదిరోజులు పెట్టమంది, ఆ రోజుల్లో పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్లాలో తెలిసిన టీచరు కావాలి. వేసవుల్లో సొంత క్యాంపు పెట్టుకోవడానికి సెలవులు ఎలాగూ ఉంటాయి.

క్యాంపు మొదలయ్యేలోపు రెడ్‌క్రాస్ వాళ్ల దగ్గరో, సెయింట్ జాన్ అంబులెన్స్ వాళ్ల దగ్గరో ప్రథమ చికిత్స శిక్షణ ఎప్పుడుందో కనుక్కుని చేరండి. పెందుర్తి నుంచి ఋషికొండకు పొద్దున్న ఆరింటికల్లా చేరాలంటే ఎవరో ఒకరు బండి మీద దింపాల్సిందే. నాన్నగారినే అడగండి. దింపాక వెంటనే వెళ్లనివ్వకండి, తాబేళ్ల ఆటలో ఒక కాకి తక్కువైందని చెప్పండి.