బౌద్ధ విహారాలు తర్వాత ఏమయ్యాయి? గుంటుపల్లిలో నేను చూసింది

భిక్షువులు వెళ్ళిపోయాక మన గోదావరి వైపు ఉన్న బౌద్ధ ఆరామాలన్నీ పగలగొట్టి గుళ్ళు కట్టేశారా అని ఒకరు అడిగారు. అన్ని చోట్లా అలా జరగలేదండీ, నాకు బాగా తెలిసిన గుంటుపల్లి సంగతి చెప్తాను.

మాది తణుకు దగ్గర పల్లె. శివరాత్రికి మా నాయనమ్మ మమ్మల్ని కామవరపుకోట మీదుగా గుంటుపల్లి గుహలున్న జీలకర్రగూడెం కొండకి తీసుకెళ్ళేది. డెల్టాలో పుట్టిన పిల్లలం, కొండ ఎక్కడమే మాకు పెద్ద పండగ. అక్కడ కొండని తొలిచి చేసిన గుండ్రటి గుహ, మధ్యలో అదే రాతిలో చెక్కిన స్తూపం, చుట్టూ తిరగడానికి దారి ఉంటాయి. క్రీ.పూ. 2వ శతాబ్దం నాటిదంటారు. తలెత్తి చూడండి, పైకప్పు నిండా వాసాలే! రాతి కప్పుకి వాసాలు అక్కర్లేదు, కానీ అప్పట్లో చెక్కతో కట్టే ఇళ్ళు ఎలా ఉండేవో అలాగే దించేశారు. పక్కన భిక్షువులు వానాకాలం తలదాచుకున్న గదులు, పైన భక్తులు మొక్కు తీర్చుకోడానికి కట్టించిన చిన్న స్తూపాలు పదుల కొద్దీ ఉన్నాయి. మహామేఘవాహన వంశపు సిరిసద రాజు దగ్గర పనిచేసిన ఒక లేఖకుడు అక్కడ మండపం కట్టించాడని స్తంభం మీద శాసనం కూడా ఉంది. రాజులే కాదు, రాతకోతలు చూసుకునే ఉద్యోగి కూడా దానం చేశాడన్నమాట, నాకు ఆ విషయం చాలా ఇష్టం.

మా నాయనమ్మకి ఇవేమీ తెలియవు. ఆవిడకి ఆ స్తూపం ధర్మలింగేశ్వర స్వామి. స్తూపాన్ని చెక్కి లింగం చెయ్యలేదు, ఉన్న ఆకారాన్నే శివుడిగా కొలిచారు, భిక్షువులు తిరిగిన దారిలోనే ప్రదక్షిణలు చేశారు. దీన్ని ఆక్రమణ అనేవాళ్ళున్నారు, నేను ఒప్పుకోను. కృష్ణా డెల్టాలో భట్టిప్రోలు స్తూపం చూడండి, 19వ శతాబ్దంలో దాని ఇటుకలు రోడ్డుకి, రాళ్ళు కాలవ పనులకి వాడేశారు. పూజ జరిగే చోట రాయి పీకడానికి ఎవరికైనా చెయ్యి రాదు కదా. గుంటుపల్లి గుహ నిలవడానికి కొండరాయి కావడం ఒక కారణమైతే, ఊళ్ళవాళ్ళ భక్తి ఇంకో కారణమని నా గట్టి నమ్మకం.

కోనసీమలో ఆదుర్రు ఇంకో ఉదాహరణ. వైనతేయ అనే గోదావరి పాయ ఒడ్డున ఉన్న ఇటుక స్తూపాన్నే ఊళ్ళో దుబరాజు గుడి అంటారు.

ఇప్పుడు గుంటుపల్లి పురావస్తు శాఖ రక్షణలో ఉంది, శివరాత్రికి మాత్రం జనం వస్తూనే ఉన్నారు. కట్టడాన్ని తీరిగ్గా చూడాలంటే మామూలు రోజు పొద్దున్నే వెళ్ళండి, నీళ్ళు పట్టుకెళ్ళండి, గుహ చూసి దిగిపోకుండా పైన ఇటుక స్తూపం దాకా ఎక్కండి.