హోమ్‌స్టెడర్ల వారసుల సర్టిఫికెట్‌కి పేటెంట్ కాగితం ఒక్కటే చాలుతుందా?

ప్రశ్న క్లుప్తంగా: "మా ఆవిడ పుట్టిల్లు నెబ్రాస్కా. వాళ్ల అమ్మ వైపు ఆరో తరం పూర్వీకుడు 1870లలో హోమ్‌స్టెడ్ భూమి (అక్కడే ఉండి సాగు చేసేవాళ్లకి అమెరికా ప్రభుత్వం ఇచ్చిన భూమి) తీసుకున్నాడు. పయనీర్ (తొలిరోజుల్లో అక్కడ స్థిరపడినవాళ్ల) వారసులుగా ఆమెకీ పిల్లలకీ సర్టిఫికెట్ తీసుకుందామనుకుంటున్నాం. భూమి పేటెంట్ (ప్రభుత్వం ఇచ్చిన పట్టా) ఆన్‌లైన్‌లో దొరికింది. అది చాలుతుందా? పెద్దమ్మాయి హైదరాబాద్‌లో పుట్టింది."

చాలదు. ఫలానా పేరున్న మనిషికి ఫలానా భూమిని ప్రభుత్వం రాసిచ్చిందని మాత్రమే పేటెంట్ చెబుతుంది. ఆయన మీ ఆవిడకి ఏమవుతాడో అందులో ఉండదు. ఇల్లు కొనేటప్పుడు బ్యాంకు లాయరు లింకు డాక్యుమెంట్లు అడిగినట్టే, ఈ సర్టిఫికెట్ ఇచ్చే వారసుల సొసైటీ పరిశీలకులు ప్రతి తరానికీ దాని పై తరానికీ మధ్య కాగితం అడుగుతారు. మధ్యలో ఒక్క లింకు లేకపోయినా ఫైలు వెనక్కి వస్తుంది.

ముందు సొసైటీ నియమాల్లో కటాఫ్ తేదీ చూడండి, అది దేనికి వర్తిస్తుందో కూడా చూడండి. ఉటా పయనీర్ల కూతుళ్ల సంఘం వాళ్లకి పూర్వీకులు 1869 మే 10 కంటే ముందు, అంటే ఖండాంతర రైలు మార్గం పూర్తికాకముందే, అక్కడికి వచ్చి ఉండాలి. ఓక్లహోమాలో రాష్ట్రం ఏర్పడిన 1907 నవంబరు 16ను గీతగా పెట్టుకున్నారు. చాలా సొసైటీలు అడిగేది పూర్వీకుడు అక్కడ స్థిరపడిన తేదీని. పేటెంట్ తేదీ మాత్రం అన్నిటికంటే ఆలస్యంగా వచ్చేది. 1862 చట్టం ప్రకారం 160 ఎకరాలకు దరఖాస్తు పెట్టి, అయిదేళ్లు అక్కడే ఉండి సాగు చేసి, ఆ తర్వాత రెండేళ్ల లోపు రుజువు చూపాలి. దాని మీద వాషింగ్టన్‌లో పేటెంట్ తయారవడానికి ఇంకొంత కాలం. 1873లో వచ్చిన మనిషి పేటెంట్ మీద 1880 ఉండొచ్చు. కటాఫ్ ఈ రెంటి మధ్య పడితే, పేటెంట్ ఒక్కటే పెట్టినవాళ్లు అర్హత ఉండీ తిరస్కరణ తెచ్చుకుంటారు.

 

అందుకే మీకు కావలసింది భూమి కేసు ఫైలు. ఇది వాషింగ్టన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో రికార్డ్ గ్రూప్ 49 కింద ఉంటుంది. అడగడానికి ఎన్‌ఏటీఎఫ్ 84 అనే ఫారం ఉంది, ఆన్‌లైన్‌లోనూ ఆర్డరు పెట్టొచ్చు. బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ వెబ్‌సైట్‌లో మీ పేటెంట్ తెరిచి రాష్ట్రం, ల్యాండ్ ఆఫీసు (భూమి దరఖాస్తు తీసుకున్న స్థానిక కార్యాలయం) పేరు, డాక్యుమెంట్ నంబరు, భూమి ఎక్కడుందో చెప్పే సర్వే గుర్తులైన సెక్షన్, టౌన్‌షిప్, రేంజ్ రాసుకోండి. 1908 మధ్య నుంచి దేశమంతా ఒకే వరుస నంబర్లు వచ్చాయి. అంతకుముందువైతే ల్యాండ్ ఆఫీసు పేరు లేకుండా నంబరు ఒక్కటే ఇస్తే ఫైలు దొరకదు. డబ్బు కట్టేముందు ఫోల్డ్‌త్రీ అనే పాత రికార్డుల వెబ్‌సైట్‌లో చూడండి, నెబ్రాస్కా ఫైళ్లు స్కాన్ చేసి పెట్టారు.

ఆ ఫైల్లో మొదటి దరఖాస్తు తేదీ, రసీదులు, ఆయన వాంగ్మూలం, ఇద్దరు పొరుగువాళ్ల సాక్ష్యాలు ఉంటాయి. ఎప్పుడొచ్చి కాపురం పెట్టాడు, ఇల్లు ఎన్ని అడుగులు, ఎన్ని ఎకరాలు దున్నాడు, బావి తవ్వాడా, భార్యా పిల్లలు ఎంతమంది అన్నీ రాస్తారు. పిల్లల లెక్క ఉంటుంది గానీ పేర్లు మామూలుగా ఉండవు. వలస వచ్చినవాడైతే పౌరసత్వ కాగితాల నకలు కూడా దొరుకుతుంది, ఎందుకంటే పౌరుడైనా అయి ఉండాలి, పౌరుడవుతానని ప్రకటన అయినా ఇచ్చి ఉండాలి. అప్పటి పౌరసత్వ చట్టం తెల్లవాళ్లకీ, 1870 తర్వాత ఆఫ్రికా సంతతివాళ్లకీ మాత్రమే వర్తించేది. ఆసియా నుంచి వలస వచ్చినవాళ్లకి హోమ్‌స్టెడ్ దారి మూసుకుపోయింది అక్కడే.

పేటెంట్‌లో ఏ చట్టం కింద ఇచ్చారో కూడా చూడండి. 1862 మే 20 హోమ్‌స్టెడ్ చట్టం అని ఉంటే సరే. 1820 ఏప్రిల్ 24 నాటి నగదు అమ్మకం అని ఉంటే కంగారు పడొద్దు. హోమ్‌స్టెడ్‌గా మొదలుపెట్టి, అయిదేళ్లు ఆగలేక ఎకరాకు 1.25 డాలర్లు కట్టి మధ్యలో కొనేసుకున్నా అలాగే కనిపిస్తుంది. కేసు ఫైలు తెరిస్తే అసలు సంగతి తెలుస్తుంది.

అసలు పేటెంటే దొరకని వాళ్లకి రెండు సూచనలు. సెక్షన్ నంబరు బేసి సంఖ్య అయి, ప్రభుత్వం రైల్వేకి ఇచ్చిన భూముల పట్టీలో ఉంటే, మీ పూర్వీకుడు ఆ భూమిని రైల్వే కంపెనీ దగ్గర కొని ఉంటాడు. అప్పుడు కౌంటీ రిజిస్టర్ ఆఫ్ డీడ్స్‌లో (దస్తావేజుల రిజిస్ట్రేషన్ ఆఫీసులో) వెతకాలి. మధ్యలో వదిలేసి ఉంటే, రద్దయిన క్లెయిములు కూడా నమోదైన ట్రాక్ట్ పుస్తకాలు (భూమి ముక్కలవారీ రిజిస్టర్లు) ఫ్యామిలీసెర్చ్ వెబ్‌సైట్‌లో ఉన్నాయి. వాటిని పేరుతో కాకుండా టౌన్‌షిప్, రేంజ్ ప్రకారం తిరగేయాలి.

ఇక తరాల లింకులు. ఎప్పుడూ మీ పిల్లల నుంచి వెనక్కి వెళ్లండి. పూర్వీకుడి నుంచి ముందుకు వస్తే అదే పేరున్న ఇంకొకరి కుటుంబంలోకి జారిపోతారు. ఎక్కువ ఫైళ్లు ఆగేది పెళ్లయి ఇంటిపేరు మారిన ఆడపిల్ల దగ్గర. ఉదాహరణకి 1881లో పుట్టి 1899లో పెళ్లయిన అమ్మాయి ఏ ఫెడరల్ జనాభా లెక్కలోనూ తండ్రి ఇంట్లో కనిపించదు. 1880 నాటికి పుట్టలేదు, 1890 లెక్కలు 1921 అగ్నిప్రమాదంలో దాదాపు అన్నీ పోయాయి, 1900 నాటికి అత్తవారింట్లో ఉంది. నెబ్రాస్కాకి అదృష్టవశాత్తూ 1885 రాష్ట్ర జనాభా లెక్క ఉంది, ముందు అది చూడండి. తర్వాత కౌంటీలో పెళ్లి రికార్డు, తండ్రి ఆస్తి పంపకాల కోర్టు ఫైలు, స్థానిక పత్రికలో మరణవార్త. కోర్టు ఫైలుకి నేను ఎక్కువ విలువిస్తాను: వారసులందరినీ పెళ్లయిన ఇంటిపేర్లతో, ఊళ్లతో సహా రాస్తారు.

1870 జనాభా లెక్కలో ఒక ఇంట్లో ఉన్నవాళ్ల పేర్లుంటాయి గానీ బంధుత్వం రాయలేదు. ఆ కాలమ్ 1880 నుంచే మొదలైంది. కాబట్టి 1870 ఒక్కదాన్ని తండ్రీకూతుళ్ల రుజువుగా పెట్టొద్దు. నెబ్రాస్కాలో జనన మరణాల రాష్ట్ర రిజిస్ట్రేషన్ 1904లో మొదలైంది. అంతకుముందు పుట్టి, సోషల్ సెక్యూరిటీ (అమెరికా ప్రభుత్వ పింఛను పథకం) వచ్చేదాకా బతికి, నంబరు తీసుకున్నవాళ్లకైతే ఆ నంబరు కోసం పెట్టిన ఎస్‌ఎస్-5 దరఖాస్తు నకలు తెప్పించండి. అందులో తల్లిదండ్రుల పేర్లు, తల్లి పుట్టింటి పేరుతో సహా, దరఖాస్తుదారు చెప్పినవే ఉంటాయి. ఆన్‌లైన్ వంశవృక్షాలు ఆధారం కావు, దారి చూపడానికి మాత్రమే పనికొస్తాయి. సమాధి రాయి ఫోటో కూడా దాని మీద చెక్కిన మాటల మేరకే చెల్లుతుంది.

ఈ కాలం లింకులు తేలికనుకుంటారు గానీ అక్కడా ఇరుక్కుంటారు. అమెరికాలో ఇచ్చే పొట్టి రకం బర్త్ సర్టిఫికెట్‌లో తల్లిదండ్రుల పేర్లు ఉండకపోవచ్చు, పూర్తి నకలు అడగండి. పెద్దమ్మాయికి మీ ఆవిడ ద్వారా పుట్టుకతోనే పౌరసత్వం వచ్చి ఉంటే కాన్సులేట్ ఇచ్చిన సీఆర్‌బీఏ (విదేశంలో పుట్టిన అమెరికా పౌరుల జనన పత్రం) ఉండొచ్చు, ఉంటే అదే పెట్టండి. అది లేకపోతే జీహెచ్ఎంసీ సర్టిఫికెట్‌లో తల్లి పేరు ఎలా పడిందో చూడండి. ఆసుపత్రిలో మీ ఇంటిపేరు ముందు చేర్చి రాసేసి ఉంటే, మీ ఆవిడ బర్త్ సర్టిఫికెట్‌తో కుదరదు. పెళ్లి సర్టిఫికెట్ జతచేస్తే చాలాసార్లు సరిపోతుంది. స్పెల్లింగే తప్పయితే మీసేవ ద్వారా సవరణకు పెట్టండి. మీ వైపు తాతముత్తాతల కాగితాలతో పని లేదు.

పంపేది నకళ్లే, ఒరిజినల్స్ వద్దు. ప్రతి నకలు ముందు వైపే అది ఎక్కడిదో రాసి, సంబంధిత పేరు కింద ఎర్ర పెన్సిల్‌తో గీత గీయండి, హైలైటర్ ఫోటోకాపీల్లో నల్లగా పడుతుంది. ఇవన్నీ మొదలుపెట్టేముందు మీ అత్తగారి వైపు వాళ్లలో ఎవరికైనా అదే పూర్వీకుడి మీద సర్టిఫికెట్ ఉందేమో ఫోన్ చేసి కనుక్కోండి. ఉంటే ఉమ్మడి పూర్వీకుడి దాకా మీ లింకులు చూపిస్తే సరిపోవచ్చు. పాత రోజుల్లో రుజువుల్లేకుండా ఆమోదించిన ఫైళ్లూ ఉన్నాయి, వాటిని ఇప్పుడు ఒప్పుకుంటారా లేదా అన్నది సొసైటీ రిజిస్ట్రార్‌కి ఈమెయిల్ రాసి ముందే తేల్చుకోండి.