పంచుకునే ముందు: ప్రకృతి ఫొటోలపై పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

వానలు మొదలయ్యాక ఈ శీర్షికకు పురుగులు, పువ్వులు, పిట్టగూళ్ల ఫొటోలతో వచ్చే ఉత్తరాలు పెరుగుతాయి. రాసేవారికి ఒక మనవి. ఫొటోతో పాటు తీసిన తేదీ, సమయం, ఫోన్ లేదా కెమెరా మోడల్ తప్పక రాయండి. అవి లేకపోతే లోపం ఎక్కడుందో ఊహించి చెప్పాల్సి వస్తుంది.

ప్రశ్న: తొలకరికి మా చేలో ఆరుద్ర పురుగులు వచ్చాయి. ఫోన్‌తో ఎంత దగ్గరికి వెళ్లి తీసినా ఎర్రటి మచ్చలాగే పడుతోంది. ఒంటిమీది మఖమలు నూగు కనిపించడం లేదు. ఏం చేయాలి?
– ఒక రైతు, మెదక్ జిల్లా

మీరు పంపిన ఫొటోలో రెండు లోపాలు కలిసి ఉన్నాయి. వాటిని విడివిడిగా సరిచేయాలి.

మొదటిది దూరం. చాలా ఫోన్లలో ప్రధాన కెమెరాకు 10 నుంచి 20 సెంటీమీటర్ల కంటే దగ్గరి వస్తువు మీద ఫోకస్ కుదరదు. మీరు అంతకంటే దగ్గరికి వెళ్లారు. అందుకే పురుగు వెనకున్న మట్టి స్పష్టంగా, పురుగు మసకగా వచ్చింది. 25 సెంటీమీటర్లు, అంటే జానెడు పైన, వెనక్కి జరిగి 2ఎక్స్ జూమ్ పెట్టండి. ఫోన్లో మాక్రో మోడ్ ఉంటే 3, 4 సెంటీమీటర్ల దాకా వెళ్లవచ్చు కానీ, అప్పుడు ఫోన్ నీడే పురుగు మీద పడుతుంది. పైగా ఎక్కువ ఫోన్లలో మాక్రోకి వాడేది నాసిరకం కెమెరా. జానెడు దూరం నుంచి తీసి, తర్వాత కత్తిరించుకోవడమే మా సలహా.

రెండోది రంగు. ఆరుద్ర ఒంటి నుంచి వచ్చే వెలుగులో దాదాపు అంతా ఎరుపే. ఆకుపచ్చ, నీలం నామమాత్రం. చుట్టూ తడిసిన నేల ముదురుగా ఉండటంతో, దృశ్యం చీకటిగా ఉందనుకుని ఫోన్ వెలుగు పెంచేస్తుంది. దాంతో ఎరుపు దాని గరిష్ఠ స్థాయికి చేరిపోతుంది. ఆ పైన నూగుకీ నూగుకీ మధ్య తేడా నమోదు కాదు. అలా పోయిన వివరం తర్వాత ఏ యాప్‌లో వెలుగు తగ్గించినా తిరిగి రాదు. కాబట్టి తీసేటప్పుడే తగ్గించాలి. తెర మీద పురుగు దగ్గర వేలు నొక్కి పట్టుకోండి. ఫోకస్ లాక్ అవుతుంది. పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కిందికి జరపండి. ప్రో మోడ్ ఉంటే ఎక్స్‌పోజర్ (ఫొటోలో వెలుగు మోతాదు) −0.7 నుంచి −1 మధ్య పెట్టండి. తెర మీద ఫొటో కాస్త చీకటిగా అనిపిస్తుంది, ఫరవాలేదు. మందారానికీ, మోదుగు పువ్వుకీ ఇదే వైద్యం.

ఎండలో కంటే మబ్బు వెలుతురులో నూగు బాగా కనిపిస్తుంది. ఫ్లాష్ వద్దు. ఫోన్‌ను తలకిందులుగా తిప్పి పట్టుకుంటే లెన్స్ నేలకు దగ్గరవుతుంది. అప్పుడు పై నుంచి కాకుండా పురుగు ఎదుట నుంచి తీయవచ్చు, ఎనిమిది కాళ్లూ కనిపిస్తాయి. (ఎనిమిది కాళ్లున్నాయంటే ఇది సాలీడు బంధువని అర్థం.) నడుస్తూనే ఉంటుంది కాబట్టి షటర్ వేగం సెకనులో 1/250 వంతు కంటే నెమ్మదిగా ఉండకూడదు. బర్స్ట్‌లో (వరసగా తీసే పద్ధతిలో) పది తీసి ఒకటి ఉంచుకోండి. పట్టి అగ్గిపెట్టెలో వేసి, ఇంటికి తెచ్చి పళ్లెంలో పెట్టి తీయకండి. అది బయటికి వచ్చే రోజులే కొన్ని. ఆ కొద్ది రోజుల్లోనే జతకట్టి గుడ్లు పెట్టాలి.

ప్రశ్న: గోదావరి మీద సూర్యోదయం ఫొటోను కుటుంబ గ్రూపులో పెట్టాను. డాలస్‌లో ఉన్న మా అబ్బాయి దాన్ని 12×18 అంగుళాల ప్రింట్ వేయిస్తే ఆకాశమంతా చారలు చారలుగా వచ్చింది. నా ఫోన్లో చక్కగానే ఉంది.
– విశ్రాంత ఉపాధ్యాయురాలు, రాజమహేంద్రవరం

మీ దగ్గరున్న ఫొటో వేరు, మీ అబ్బాయికి చేరిన ఫొటో వేరు. 12 మెగాపిక్సెళ్ల ఫొటో 4000×3000 పిక్సెళ్లు ఉంటుంది. వాట్సాప్ మామూలుగా పంపితే పొడుగు వైపు సుమారు 1600 పిక్సెళ్లకు కుదించి, ఆపైన గట్టిగా నొక్కేస్తుంది. అంగుళానికి 300 పిక్సెళ్ల లెక్కన 1600 పిక్సెళ్లు అయిదు అంగుళాల పైచిలుకు ప్రింట్‌కే సరిపోతాయి. మెల్లగా రంగు మారే ఆకాశం, పొగమంచు, నీళ్లు ఇలా కుదించినప్పుడు ముందుగా చెడతాయి. ఆకులూ రాళ్లూ ఉన్న చోట ఆ లోపం కనపడదు.

ఒరిజినల్ ఫైలు పంపాలంటే చాట్‌లో పేపర్‌క్లిప్ లేదా ప్లస్ గుర్తు నొక్కి, గ్యాలరీ కాకుండా 'డాక్యుమెంట్' ఎంచుకుని, అందులోంచి ఫొటోను పంపండి. 'హెచ్‌డీ' బటన్ మామూలు దానికంటే నయమే కానీ అదీ ఒరిజినల్ కాదు. గూగుల్ ఫొటోస్ లింకు పంపేటట్లయితే బ్యాకప్ సెట్టింగ్‌లో 'ఒరిజినల్ క్వాలిటీ' ఉందో లేదో చూసుకోండి. ఐఫోన్ వాడేవారికి ఇంకో చిక్కు ఉంది. అది ఫొటోలను దాచే హెచ్‌ఈఐసీ రకం ఫైళ్లను కొన్ని ప్రింటింగ్ షాపుల్లో తెరవలేరు. సెట్టింగ్స్‌లో కెమెరా, ఫార్మాట్స్‌లోకి వెళ్లి 'మోస్ట్ కంపాటిబుల్' పెట్టుకుంటే జేపీజీగా వస్తుంది.

ప్రింట్ కొలత గురించి కూడా ఒక మాట. ఫోన్ ఫొటో 4:3 నిష్పత్తిలో ఉంటుంది, 12×18 అంటే 3:2. అంటే పైనో కిందో కొంత కోసేస్తారు. మీ ఫొటోలో పడవ కింది అంచుకు ఆనుకుని ఉంది కాబట్టి 12×16 వేయించండి, ఏదీ పోదు. 4000 పిక్సెళ్లను 16 అంగుళాలకు పరిస్తే అంగుళానికి 250 వస్తాయి. గోడకు తగిలించి రెండు మూడడుగుల దూరం నుంచి చూసే ఫొటోకి అది చాలు.

ప్రశ్న: మా ఊరి బావి మీదికి వంగిన ఈత చెట్టుకు గిజిగాడు గూళ్లు కట్టింది. ఊరి పేరుతో సహా ఫొటోలు పెడితే, ఊరి పేరు తీసెయ్యమని ఒకరు గట్టిగా చెప్పారు. గిజిగాడు ఊరూరా ఉండే పిట్టే కదా?
– డిగ్రీ విద్యార్థి, ప్రకాశం జిల్లా

గిజిగాడికి ఊరి పేరు దాచాల్సిన పని లేదు. ఏ ఊళ్లో ఏ నెలలో గూళ్లు కట్టిందో తెలియడం పక్షుల లెక్కలు రాసేవారికి ఉపయోగమే. గూళ్లలో పిల్లలున్న రోజుల్లో ఆ చెట్టు ఎక్కడుందో మాత్రం చెప్పకండి. జనం గుంపుగా వస్తే తల్లి మేతతో వచ్చి కూడా గూట్లోకి వెళ్లలేదు.

అయితే మీకు చెప్పిన వారి భయం ఊరికే పుట్టింది కాదు. నక్షత్ర తాబేళ్లను పెంపుడు జంతువుల వ్యాపారం కోసం, అలుగును పొలుసుల కోసం, గుడ్లగూబను, దేవాంగపిల్లిని క్షుద్రపూజల మూఢనమ్మకాల కోసం పట్టేవారున్నారు. వీటి ఫొటోల్లో జిల్లా పేరుకు మించి ఏమీ ఉండకూడదు. వెనకాల గుడి గోపురమో, సెల్ టవరో, మైలురాయో కనిపిస్తుంటే దాన్నీ కత్తిరించండి. స్థానికులకు ఆ ఒక్క ఆనవాలు చాలు.

మీరు రాయకపోయినా ఫైలు చెప్పేస్తుంది. లొకేషన్ ఆన్‌లో ఉంటే ప్రతి ఫొటోలో అక్షాంశ రేఖాంశాలు దాగి ఉంటాయి. అక్షాంశంలో మూడు దశాంశ స్థానాలుంటే చోటు సుమారు 110 మీటర్ల లోపు తేలిపోతుంది, రెండుంటే 1.1 కిలోమీటర్లు, ఒకటుంటే 11 కిలోమీటర్లు. ఫోన్ ఆరు స్థానాల దాకా రాస్తుంది, అంటే చెట్టు దాకా దారి చూపినట్టే. ఇలాంటి జీవులను తీసే ముందు కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ట్యాగ్ ఆపేయండి. ఇప్పటికే తీసిన ఫొటో అయితే ఐఫోన్లో షేర్ నొక్కాక పైన కనిపించే 'ఆప్షన్స్'లో లొకేషన్ తీసేయవచ్చు. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే ఈ వివరాలు రాలిపోతాయి, డాక్యుమెంట్‌గా పంపితే అన్నీ వెళ్తాయి. పై జవాబులో డాక్యుమెంట్‌గా పంపమన్నది సూర్యోదయాలకు, తాబేళ్లకు కాదు.

గూటి దగ్గర మెలకువలు కొన్ని. 15, 20 మీటర్ల దూరం నుంచి, వీలైతే చెట్టు చాటు నుంచి తీయండి. నోట్లో గడ్డిపోచతోనో పురుగుతోనో వచ్చిన పిట్ట గూటి చుట్టూ తిరుగుతూ అరుస్తుంటే మీరు ఎక్కువ దగ్గరగా ఉన్నారని అర్థం. వెనక్కి రండి. అడ్డమున్న కొమ్మ విరవకండి, ఆ ఆకుల చాటే కాకి నుంచి గూటికి రక్ష. సగంలో ఆగిన గూడు కనిపిస్తే వదిలేసిందనుకుని కోయకండి. మగపిట్ట హెల్మెట్ ఆకారం దాకా కట్టి ఆగుతుంది. ఆడపిట్ట వచ్చి చూసి మెచ్చాకే మిగతాది పూర్తవుతుంది.

ప్రశ్న: ఆటపాకలో గూడబాతుల్ని, కొంగల్ని తీశాను. అన్నీ తెల్లటి కాగితం ముక్కల్లా ఉన్నాయి. కెమెరా పాడయిందా?
– ఒక పాఠకుడు, కైకలూరు

పాడవలేదు. నీళ్లు, చెట్లు ముదురుగా ఉండి పిట్ట చిన్నగా ఉంటే కెమెరా ఎక్కువ చోటు ఆక్రమించిన దాన్ని చూసి వెలుగు నిర్ణయిస్తుంది, తెల్ల ఈకల్లో వివరం పోయి ఉత్త తెలుపే మిగులుతుంది. ఎక్స్‌పోజర్ −0.7తో మొదలుపెట్టి, నడి ఎండలో −1.3 దాకా తగ్గించండి. కెమెరాలో హైలైట్ అలర్ట్ ఆన్ చేస్తే పోయిన చోట్లు మిణుకుమంటాయి. రెక్కల మీద మిణుకు ఆగేదాకా తగ్గిస్తూ పొండి. 'రా' (RAW, కెమెరా కుదించకుండా దాచే) ఫైల్లో తీస్తే కొంత తిరిగి రాబట్టవచ్చు, జేపీజీలో కుదరదు. పొగమంచు ఉదయాలకు దీనికి తలకిందులు లెక్క: అంతా తెల్లగా ఉంటే కెమెరా దాన్ని బూడిద రంగుకు దించుతుంది, కాబట్టి +0.7 పెంచాలి. ఎండెక్కాక నీళ్ల మీద గాలి వేడికి అలల్లా కదులుతుంది. దూరపు పిట్ట ఎంత మంచి లెన్స్‌కైనా మసకగానే వస్తుంది. ఉదయం ఎనిమిదిలోపు, సూర్యుణ్ణి వీపు వెనక పెట్టుకుని తీయండి.

ప్రశ్న: తూనీగలు, పుట్టగొడుగుల ఫొటోలు ఐనాచురలిస్ట్‌లో (జీవుల పేర్లు తేల్చే వెబ్‌సైట్‌లో) పెడుతున్నాను. పేరు ఎవరూ తేల్చడం లేదు.
– ఇంటర్ విద్యార్థిని, విజయనగరం

అందమైన ఒక్క కోణం పేరు తేల్చడానికి చాలదు. తూనీగకైతే పక్క నుంచి ఛాతీ మీది చారలు, పై నుంచి రెక్కలు, తోక చివర, ఈ మూడూ కావాలి. పుట్టగొడుగుకు గొడుగు అడుగుభాగం, కాడ మొదలు తప్పనిసరి. పక్కనే పడి ఉన్నదొకటి దొరికితే తిప్పి తీయండి, నిలబడ్డదాన్ని పీకనక్కర్లేదు. మొక్కకు ఆకు రెండు వైపులా, కొమ్మకు ఆకులు ఎలా అమరాయో, పువ్వు పక్క నుంచి ఎలా ఉందో చూపాలి. కొలత కోసం పక్కన స్కేలు పెట్టండి. రూపాయి బిళ్ల వద్దు, దాని సైజు ఒక్కో కాలంలో ఒక్కోలా వచ్చింది.

ఒక్క జీవికి ఒక్క అబ్జర్వేషనే (నమోదే). ఒకే తూనీగ నాలుగు ఫొటోలు ఒకదాంట్లోనే చేర్చాలి. మీ అబ్జర్వేషన్లలో కొన్నింటికి తేదీ తప్పుగా ఉంది. స్నేహితులు వాట్సాప్‌లో పంపినవాటికి తీసిన తేదీ ఉండదు, మీ ఫోన్‌కి చేరిన తేదీ పడుతుంది. అసలు ఆ ఫొటోలు మీ ఖాతాలో పెట్టకూడదు. తీసినవారినే పెట్టమనండి. కుండీలో నాటిన మొక్కకు 'పెంచినది' అని గుర్తు పెట్టండి. తేదీ, చోటు, ఫొటో ఉండి, పేరు చెప్పినవారిలో మూడింట రెండు వంతులకు పైగా ఒకే జాతి పేరు చెబితే అది 'రిసెర్చ్ గ్రేడ్'కి చేరుతుంది. చోటు విషయంలో భయముంటే 'అబ్‌స్క్యూర్డ్' ఎంచుకోండి, 0.2 డిగ్రీల గడిలో, అంటే మన ప్రాంతంలో రమారమి 22 కిలోమీటర్ల చదరంలో, ఎక్కడో ఒక చుక్క మాత్రమే లోకానికి కనిపిస్తుంది.

ప్రశ్న: నేను తీసిన పాలపిట్ట ఫొటోను ఒక దుకాణం వారు క్యాలెండర్ మీద వేసుకున్నారు. నేను ఎక్కడా రిజిస్టర్ చేయలేదు. హక్కు ఉంటుందా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

ఉంటుంది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఫొటో తీసిన వ్యక్తే దాని కర్త. రిజిస్ట్రేషన్ లేకపోయినా హక్కు పుడుతుంది. 2012 సవరణ తర్వాత ఆ హక్కు కర్త జీవితకాలం, ఆ పైన 60 ఏళ్లు. మీ దగ్గరున్న పూర్తి సైజు ఒరిజినల్ ఫైలు, అదే వరసలో ముందూ వెనకా తీసిన ఫొటోలు బలమైన సాక్ష్యం, వాటిని చెరపకండి. క్యాలెండర్‌ను ఫొటో తీసి ఉంచుకుని, పేరు వేయడమో రుసుము ఇవ్వడమో కోరుతూ ముందు రాతపూర్వకంగా అడగండి. ఆన్‌లైన్‌లో వాడినదైతే ఆ వేదికలోనే కాపీరైట్ ఫిర్యాదు ఫారం ఉంటుంది. మూలన వేసిన పేరును కత్తిరించడం సులువు. పిట్ట కూర్చున్న కొమ్మ పక్కనే చిన్నగా వేయండి.

ఇష్టంగా అందరికీ ఇవ్వాలనుకుంటే అది వేరు. ఉచిత ఫొటోల భాండాగారం వికీమీడియా కామన్స్‌లో సీసీ బై-ఎస్‌ఏ లైసెన్స్‌తో (పేరు వేసి, అదే షరతుతో ఎవరైనా వాడుకునే అనుమతితో) పెడితే తెలుగు వికీపీడియా వ్యాసాలకు పనికొస్తుంది. కానీ మీ పేరు వేసి, అదే లైసెన్స్ పాటిస్తే క్యాలెండర్ వారు కూడా ఉచితంగా వాడుకోవచ్చు. వ్యాపారానికి వద్దనే షరతుతో కామన్స్ తీసుకోదు. పెట్టాక వెనక్కి తీసుకోలేరు కాబట్టి ముందే తేల్చుకోండి.

ప్రశ్న: లెన్స్ లోపల సాలెగూడు లాంటి బూజు. బియ్యం డబ్బాలో పెట్టమంటున్నారు.
– ఒక పాఠకురాలు, కాకినాడ

బియ్యం వద్దు, దాని పొడి లెన్స్ సందుల్లోకి వెళుతుంది. పట్టిన బూజు ఇంట్లో పోదు, లెన్స్ విప్పి శుభ్రం చేసే మెకానిక్‌కి ఇవ్వండి. అంతవరకూ దాన్ని మిగతా లెన్స్‌లకు దూరంగా పెట్టండి. మళ్లీ పట్టకుండా గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో 200 గ్రాముల సిలికా జెల్, చిన్న తేమ కొలమానం పెట్టి తేమను 40, 50 శాతం మధ్య ఉంచండి. గింజల రంగు మారితే ఓవెన్‌లో 110, 120 డిగ్రీల దగ్గర రెండు గంటలు వేడిచేసి మళ్లీ వాడవచ్చు. తోలు సంచిలో మాత్రం లెన్స్‌ను నిల్వ ఉంచకండి, బూజుకు తేమా తిండీ రెండూ అక్కడే దొరుకుతాయి. ఏసీ గదిలోంచి సముద్రపు గాలిలోకి వెళ్లేటప్పుడు కెమెరాను జిప్ కవర్‌లో మూసి, బయట అరగంట ఆగి తీయండి. తేమ కవర్ మీదే చేరుతుంది, లెన్స్ మీద చేరదు.